కుర్చీ కోసం పర్చూరు దాకా!

పాత సినిమాల్లో జమీందారు గారి మేడ గుర్తుందా? రెండు వైపులా మెట్లు, పైన దీపాల గుత్తి, గోడ మీద ఎవరిదో నిలువెత్తు పటం. ఆ పటం కింద ఓ కుర్చీ! వీపుకి మెత్త, చేతులకి మెత్త, కూర్చునే చోట స్ప్రింగులు. ఎస్వీ రంగారావు లాంటి నటుడు అలాంటి కుర్చీలో కూర్చుని చెయ్యి ఆనించాడంటే చాలు, డైలాగు అక్కర్లేదు. ఆ యింటికి పెద్ద ఎవరో నేల క్లాసు ప్రేక్షకుడికి కూడా తెలిసిపోయేది.

ఆ రోజుల సెట్ల వెనక గుంటూరు చెయ్యి కూడా వుంది. 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) చిత్రాలకు కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం వహించిన మాధవపెద్ది గోఖలే తెనాలి దగ్గరి బ్రాహ్మణకోడూరు వారే. అందుకే కాబోలు, సినిమా కుర్చీ వెతుక్కుంటూ నేను చివరికి ఆ జిల్లాకే చేరాను!

హైదరాబాదులో సినిమాలకు ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పనిచేసే మిత్రుడొకడు మార్చి నెలలో ఫోను చేశాడు. "1980ల నాటి పల్లెటూరి కథ. పురుగుమందుల కొట్టు పెట్టుకుని రైతులకి అప్పులిచ్చే షావుకారు పాత్ర వుంది. వాడికో కుర్చీ కావాలి. ఇక్కడ అద్దెకి దొరికేవన్నీ జనం పది సినిమాల్లో చూసేశారు. మీ వైపు అసలు సిసలు పాత కుర్చీ ఒకటి పట్టు. పన్లో పని, నీకూ ఒకటి కొనుక్కో" అన్నాడు.

మా యింట్లో వున్నవి రెండు ప్లాస్టిక్ కుర్చీలు. సరేనన్నాను.

బోర్లించి చూడాలి!

మార్చిలో గుంటూరు ఎలా వుంటుందో చెప్పాలా? మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే చాలు, ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాడెవడో తుమ్మునిబట్టి చెప్పొచ్చు. నేను తుమ్ముకుంటూనే పాత సామాన్ల కొట్లు తిరిగాను. తోడుగా మాకు తెలిసిన ముసలి వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. రాకపోతే మొదటి కొట్లోనే బోల్తా పడేవాణ్ణి.

"నూట యాభై ఏళ్ళది సార్, కలెక్టరు దొర కూర్చున్న కుర్చీ!" అన్నాడు కొట్టాయన. నల్లగా నిగనిగలాడుతోంది. సింహపు పాదాలు. ఎర్ర మఖమలు. నేను పర్సు తీయబోతుంటే మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒంగోలు గిత్తను కొనేవాడు పళ్ళు చూస్తాడు బాబూ. కుర్చీ కొనేవాడు అడుగు చూడాలి" అని దాన్ని బోర్లించాడు.

అడుగున ఏముందనుకున్నారు? ప్లైవుడ్డు చెక్క! దానికి ప్లస్ గుర్తు మరలు! ఆ రకం మరకి అమెరికాలో పేటెంటు వచ్చింది 1936లో. మరి నూట యాభై ఏళ్ళ క్రితం దొరగారి వడ్రంగికి అవి ఎలా దొరికాయో ఆ కొట్టాయనే చెప్పాలి. ఒక్క మర కనపడితే మధ్యలో రిపేరు చేశారనుకోవచ్చు. అన్ని అతుకులకీ అవే వుంటే మాత్రం కుర్చీ వయసు మన వయసే.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ నాకు కుర్చీ చదవడం నేర్పాడు. మీకూ పనికొస్తుంది, వినండి.

కుర్చీలో చూడాల్సింది ముందు కొయ్య. దూది మార్చొచ్చు, స్ప్రింగులు మార్చొచ్చు, గుడ్డ ఎలాగూ మారుస్తాం. కొయ్య పోతే కుర్చీ పోయినట్టే. ముందు కాలు ఒకదాన్ని పట్టుకుని జానెడు పైకి ఎత్తండి. రెండో ముందు కాలు కూడా దానితో పాటు లేచిందా, అతుకులు గట్టిగా వున్నట్టు. అది నేలనే అంటుకుని కుర్చీ మెలికపడిందా, అతుకులు వదులైనట్టు. నల్లరేగడి నేలల మీద ఎండాకాలం కొయ్య ఎండి ముడుచుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది. ఏటా అలా ముడుచుకుని ఉబ్బి అతుకులు వదిలేస్తాయి. కొయ్యను తొలిచి ఒకదానిలో ఒకటి దించిన అతుకైతే మళ్ళీ బిగించొచ్చు. మేకులు కొట్టి నిలబెట్టిన దాన్ని అక్కడే వదిలెయ్యండి.

కాళ్ళ దగ్గర సన్నటి బెజ్జాలుంటే వేలితో తట్టండి. పసుప్పచ్చ పిండి రాలిందా, పురుగు ఇంకా లోపల కాపురం వున్నట్టే. అలాంటిది ఇంటికి తెస్తే మీ మంచాలూ తలుపులూ కూడా దానికి విందు భోజనం.

రెండు అరచేతులతో మెత్తను అదమండి. స్ప్రింగులన్నీ ఒకే బలంతో పైకి తన్నాలి. పాత పనివాళ్ళు ఒక్కో స్ప్రింగుని ఎనిమిది వైపులా పురికొసతో కట్టేవారు. "టంగ్" మని చప్పుడైతే కట్టు తెగింది. అది పెద్ద జబ్బు కాదు, బేరం ఆడటానికి మంచి సాకు! లోపల కొబ్బరి పీచు, గుర్రపు వెంట్రుకలు, దూది వుంటే పాతకాలపు పని. స్పాంజి వుంటే ఆ మధ్య మార్చారన్నమాట. మన ఎండలకి స్పాంజి కొన్నేళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది.

చివరి పరీక్ష - ఊరికే కూర్చోవడం. రెండు నిమిషాలు కాదు, అరగంట. పాదాలు నేలకు ఆనాలి, మోకాలి వెనక రక్తం ఆగకూడదు, లేచేటప్పుడు ఎవరి చెయ్యీ అడక్కూడదు. అందం చూసి కొన్న కుర్చీ మీద చివరికి ఉతికిన బట్టలే కూర్చుంటాయి!

అన్నట్టు, 'యాంటిక్' అనే మాటను కొట్లవాళ్ళు శనగపప్పులా పంచుతుంటారు. నూరేళ్ళు దాటితేనే ఆ పేరు. దానికి లోపలివి 'వింటేజి'. 1972లో వచ్చిన చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన పనితనపు వస్తువుల్ని ఎవరికి వారు విదేశాలకు పంపి అమ్ముకోవడానికి వీల్లేదు కూడా.

ఎర్రటి కళ్ళాల మధ్య

గుంటూరులో ఏదీ నచ్చలేదు. డిగ్రీలో నా క్లాస్‌మేటు ఒకడు, "పర్చూరు దగ్గర మా మేనత్త ఇంట్లో ఒక కుర్చీ వుంది, రా" అన్నాడు. బస్సెక్కాం. ప్రత్తిపాడు, పెదనందిపాడు మీదుగా దారి. 1921-22లో తెల్లదొరలకి పన్ను కట్టం పొమ్మన్న పెదనందిపాడు ఇదే. మేము పర్చూరును ప్రకాశం జిల్లా అనే చదువుకున్నాం. 2022 ఏప్రిల్ నుంచి అది బాపట్ల జిల్లా. జిల్లా మారినా నేల మారలేదు. అదే నల్లరేగడి, అదే ప్రత్తి, అదే మిరప. కళ్ళాల నిండా ఎండుమిరపకాయలు పరిచి వున్నాయి. కిటికీలోంచి చూస్తే టెక్నికలర్‌లో తీసినట్టుంది. ఇంకాస్త ముందుకి, చీరాల వైపు పోతే కారంచేడు. నిర్మాత రామానాయుడు పుట్టిన వూరు. 1985 జూలైలో దళితుల మీద జరిగిన దాడితో దేశమంతా విన్న పేరూ అదే. ఈ దారిలో ఎవరు కుర్చీలో కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అన్నది చిన్న విషయం కాదు.

మేనత్తగారికి డెబ్భై దాటి వుంటాయి. కుర్చీ మిరపకాయల టిక్కీలు వేసే గదిలో వుంది. బయటికి లాగి ఒక్క దెబ్బ కొట్టామో లేదో, నేనూ, మిత్రుడూ, ఆవిడా, గోడ మీది పిల్లీ వరసగా తుమ్ములు!

కుర్చీ మాత్రం కుర్చీయే. బర్మా టేకు. ఎత్తి చూశాను, రెండో కాలు కూడా ఠక్కున లేచింది. ఒక్క మర లేదు. చీరాలలో పొగాకు కంపెనీ దొర వెళ్ళిపోతూ సామాన్లు వేలం వేస్తే వాళ్ళ మామగారు కొన్నారట.

"ఎంతకి ఇస్తావు పెద్దమ్మా?"

"పాత సామాన్లవాడు పదిహేను వందలన్నాడు. నువ్వు రెండువేలియ్యి, తీసకపో. దాన్ని చూట్టం నావల్ల కాదు."

ఎందుకని అడిగాను. ఆవిడ చాట పక్కన పెట్టి కూర్చుంది.

1987-88లో ఈ ప్రాంతపు ప్రత్తిని తెల్లదోమ తినేసింది. మందు మీద మందు కొట్టారు. ఆ మందులకి పురుగుని తినే పురుగులు చచ్చాయి గానీ తెల్లదోమ చావలేదు. మందులన్నీ అప్పు మీద తెచ్చినవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ యేడు ఎందరో రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు.

"మా ఆయన తాగలా. అంత అదృష్టం నాకు మిగిలింది. కానీ ఆ కొట్టువాడు వారానికోసారి వచ్చేవాడు. రాంగానే ఈ కుర్చీలో కూచునేవాడు. మా ఆయన అదుగో, ఆ స్తంభం పక్కన నిలబడేవాడు. తన యింట్లో, తన కుర్చీ ముందర! ఎకరంన్నర అమ్మి బాకీ తీర్చాం. ఆ తర్వాత ఆయన మళ్ళీ దీంట్లో కూచోలా. పోయేదాకా అరుగు మీదే."

నా నోట మాట రాలేదు. మిత్రుడి సినిమాకి కావలసింది అచ్చంగా ఇదే కుర్చీ. కథ అడిగిందీ ఇదే. చెప్పకుండా రెండు వేలిచ్చి ఎత్తుకుపోవచ్చు. కానీ రేపు ఆవిడ టీవీలో చూస్తే?

చెప్పేశాను. సినిమాలో దీంట్లో అప్పులిచ్చే షావుకారు కూర్చుంటాడని. ఆవిడ కాసేపు ఆలోచించి ఒకటే అడిగింది.

"చివరికి వాణ్ణి అందులోంచి లేపుతారా?"

బయటికి వెళ్ళి హైదరాబాదుకి ఫోను చేశాను. "లేదురా, క్లైమాక్సు పొలంలో. కుర్చీ సంగతి కథలో లేదు" అన్నాడు మిత్రుడు. వచ్చి అదే చెప్పాను.

"అయితే సినిమాకి ఇయ్యను. నీ యింట్లో యేసుకుంటానంటే తీసకపో."

ఇక దాచడం ఎందుకని ఇంకో మాటా చెప్పాను. "పెద్దమ్మా, ఇది రెండు వేల కుర్చీ కాదు. కొయ్యే పన్నెండు వేలు చేస్తుంది. నా దగ్గర ఇప్పుడు నాలుగే వున్నాయి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత పెద్దగా నవ్వింది. "అయితే మిగతా ఎనిమిదీ నాకు బాకీ అన్నమాట! సంక్రాంతికి తెచ్చియ్యి అబ్బాయా. వడ్డీ వద్దులే."

దూది ఏకినవాడు

కుర్చీని ఆటోలో చిలకలూరిపేట తెచ్చాను. అక్కడ దూది ఏకే దూదేకుల తాత ఒకాయన వున్నాడు. మెత్తలు, పరుపులు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. పాత గుడ్డ విప్పితే లోపలి నుంచి దొరల కాలం నాటి కొబ్బరి పీచు, దానితో పాటు దోసెడు మిరప గింజలు!

"అడుగున పీచు వుంచుదాం బాబూ, అది బరువు మోస్తది. పైన ప్రత్తి దూది. వీపుకి బూరుగు దూది, మెత్తగా వుంటది. ప్రత్తి దూది నాలుగేళ్ళకి అణిగిపోద్ది, మళ్ళీ ఏకించుకోండి" అన్నాడు. గుడ్డ చీరాల మగ్గం మీద నేసిన మందపాటి దుప్పటి. మఖమలు మన ఎండలకి పనికిరాదు.

పని చూస్తూ బుర్రకథ నాజర్ గారి మాట ఎత్తాను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు 'పింజారి'. జనం తిట్టుగా వాడే మాట అది. తాత తలెత్తకుండానే అన్నాడు - "తిట్టేవాడు కూడా రాత్రి మేం ఏకిన దూది మీదే పడుకుంటాడు గదా బాబూ."

కుర్చీ తయారైంది. "కూచోండి" అన్నాడు.

"ముందు నువ్వు కూర్చో తాతా. సరిగా కుదిరిందో లేదో పనిచేసినవాడికే తెలుస్తుంది."

"నింపడమే గానీ కూచోడం మాకు అలవాటు లేదు బాబూ" అని నసిగాడు. నేను కదల్లేదు. చివరికి పంచె దులుపుకుని, అంచు మీద కూర్చుని, నెమ్మదిగా వెనక్కి వాలాడు. ఎడమ చేతి కింద మెత్త అదిమి చూసి, "ఇక్కడ దూది తగ్గింది" అన్నాడు. లేచి మళ్ళీ కుట్టు విప్పాడు. అరగంట కూర్చోమని మేస్త్రీ ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది నాకు!

సినిమా మిత్రుడు హైదరాబాదులోనే ఏదో స్పాంజి కుర్చీ సర్దుకున్నాడు. తెర మీద చూసినవాళ్ళకి తేడా తెలియదంటాడు. నిజమే కావచ్చు.

పాత కుర్చీ కొనాలనుకునే మిత్రులకి చివరి మాట. అడుగు చూడండి, కాలెత్తి చూడండి, తట్టి చూడండి, అరగంట కూర్చోండి. వీటితో పాటు అమ్మేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి - ఇంతకుముందు ఇందులో ఎవరు కూర్చునేవారు అని. జవాబు విన్నాక ధర మీరే చెప్పగలరు.

నా సంగతంటారా? సంక్రాంతికి పర్చూరు వెళ్ళాలి. ఎనిమిది వేలు బాకీ వుంది.