అరచేతి పెట్టెకు ఆపరేషన్

మా హాస్టల్లో కంప్యూటర్లకు కొదవ లేదు గాని, పక్క గది పరిశోధకుడిది వేరే జాతి. ఒళ్లో పెట్టుకునేదీ కాదు, బల్ల కింద మోకాళ్లకు తగిలే డబ్బా కూడా కాదు. మందపాటి నిఘంటువంత ఉంటుంది. ఫెలోషిప్ డబ్బులు రాని నెలలో, అప్పు చేసి, సెకండ్ హ్యాండులో కొన్నాడు పాపం. మీట నొక్కి, మెస్సుకు వెళ్లి, టీ తాగి వచ్చేసరికి అప్పుడే ఒళ్లు విరుచుకుంటూ లేచేది.

దాని తప్పు కాదులెండి. లోపల ఉన్నది పాత పద్ధతి హార్డు డిస్కు. పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, దాన్ని తాకకుండా పైన తేలుతూ ఒక చిన్న ముక్క చదువుతుంటుంది. 1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొదటి హార్డు డిస్కులో రెండడుగుల వెడల్పు పళ్లాలు 50 ఉండేవి. బరువు సుమారు టన్ను, పట్టే అక్షరాలు అరకోటి. మనవాడి డిస్కు అరచేతిలో ఇమిడేదే అయినా వంశం మాత్రం అదే. ఇప్పటి ఎస్.ఎస్.డి.లో తిరిగేది ఏమీ లేదు, అన్నీ చిప్పులే. పాతది సెకనుకు 100 మెగాబైట్లకు అటూ ఇటూ చదివితే, ఇది అదే సాటా దారిలో 500 దాకా లాగుతుంది. అది మార్చితే చాలు, పెట్టె కొత్తదైపోతుందని ఒక ఇంజనీరింగు జూనియరు ఆశ పెట్టాడు.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. ఆ డిస్కులో ఒగ్గు కథల రికార్డింగులు ఉన్నాయి. మనవాడు మూడేళ్లు ఊళ్లు తిరిగి పట్టుకొచ్చినవి, మల్లన్న కథ, బీరప్ప కథ. వాటిలో ఒక పెద్దాయన గొంతు ఉంది. ఆయన నిరుడు పోయాడు. రికార్డరులోని కార్డును మళ్లీ మళ్లీ వాడుకున్నందువల్ల వేరే నకలు లేదు. కొత్తది బిగించాక పాతదాన్నుంచి నింపుకోవచ్చులే అనుకున్నారు ఇద్దరూ.

రాత్రి పదకొండు గంటలకు ఆపరేషన్ మొదలైంది. లైటు పట్టుకునే ఉద్యోగం నాది. అడుగున నాలుగు స్క్రూలు విప్పి మూత తీస్తే, డిస్కు నుంచి బోర్డుకు కాగితంలాంటి పట్టీ ఒకటి పోతోంది. అది బోర్డులో దూరేచోట గోటి అంచంత నల్లని తలుపు ఉంటుంది. కొన్నింటిలో దాన్ని పైకి లేపాలి, కొన్నింటిలో వెనక్కు జరపాలి, కొన్నింటికి అసలు తలుపే ఉండదు, ఊరికే లాగాలి. చూడ్డానికి మూడూ ఒకటే! మా డాక్టరు జరిపాడు. అది లేపాల్సిన రకం. 'టిక్' మని చిన్న చప్పుడు వినిపించింది. పట్టీతోపాటు సాకెట్టూ ఊడి వచ్చింది.

సాకెట్టును ఉన్నచోటే అదిమిపెట్టి కొత్తది తగిలిస్తే బూట్ డివైసు లేదంది. పాతది తగిలించినా అదే మాట. డిస్కు చచ్చిందా, దారి తెగిందా చెప్పేవాడు లేడు. గంటలో వరండా అంతా నిపుణులే. ఫ్రిజ్‌లో పెట్టమన్నవాడు కూడా ఉన్నాడు. (మా హాస్టల్లో ఫ్రిజ్ లేకపోవడం ఆ డిస్కు అదృష్టం.) జూనియరు మాత్రం గోడకు ఆనుకుని, "అన్నా, నా స్కాలర్‌షిప్ వస్తే ఇస్తనే" అని ఒక్కటే పాట. మనవాడు తిట్టలేదు. తిడితే బాగుండేది. డిస్కును తువ్వాలులో చుట్టి, దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు, పడుకున్నాడనే గాని నిద్రపోలేదు.

తెల్లారి ముగ్గురం సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాం. సి.టి.సి. అంటే తెలియనివారు ఉండరు. ఒక చిన్న కొట్టులో రిపేరాయన బోర్డును మైక్రోస్కోపు కింద పెట్టి, "సాకెట్టుతోపాటు రెండు రాగి మచ్చలు గూడ లేచినయ్ సార్. సన్నతీగలు వేసి కొత్తది అతికిస్త గాని గ్యారంటీ ఇయ్య" అన్నాడు.

"అది తర్వాత. ముందు డిస్కు చూడండి" అన్నాడు మనవాడు.

ఆయన యు.ఎస్.బి. తీగ ఒకటి తగిలించాడు. పళ్లెం తిరిగే చప్పుడు సన్నగా వినిపించింది. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెర మీద తేలాయి. మనవాడు తేదీ వెతికి ఒక ఫైలు నొక్కాడు. ముందు డోలు, ఆ తర్వాత ఆ పెద్దాయన గొంతు. కొట్లో చార్జర్లు బేరమాడుతున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. రిపేరాయన పని ఆపి, "మా తాత గిట్లనే చెప్తుండె సార్" అన్నాడు. తీగకు తప్ప పైసా తీసుకోలేదు. జూనియరు బయటకు వెళ్లి చాలాసేపటికి గాని రాలేదు.

సాకెట్టు అతికించలేదు, అంత డబ్బు లేక. ఎస్.ఎస్.డి.ని ఆ యు.ఎస్.బి. తీగతోనే పెట్టె వెనక వేలాడదీసి, ఆ రాత్రే జూనియరు దాని మీద లైనక్సు ఎక్కించాడు. స్కాలర్‌షిప్ మాట మళ్లీ ఎత్తబోతే మనవాడు, "నీ పైసలెవనికి గావాలె, తెలుగు ఫాంట్లు ఎక్కియ్" అన్నాడు. రికార్డింగులు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి నా దగ్గరే. యు.ఎస్.బి. దారి అయినా పెట్టె అర నిమిషంలో లేస్తోంది, టీకి పోయే సాకు పోయింది. మూతకు మాత్రం మూడే స్క్రూలు. నాలుగోది ఆ రాత్రి మంచం కిందికి దొర్లింది, ఇంకా దొరకలేదు.