వేసిన గొంగళి అక్కడ లేదు!

పొద్దున మొదలుపెట్టిన ఇల్లు సర్దుడు సాయంత్రానికి కూడా ఓ కొలిక్కి రాకపోతే మనమేమంటాం? "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది" అంటాం. పెట్టింది తింటూనే వంకలు పెట్టే చుట్టాన్ని చూసి "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అని ముసిముసిగా నవ్వుకుంటాం. మెత్తగా వచ్చి పెత్తనం చేసేవాళ్ళని "ఏకై వచ్చి మేకై కూర్చుంది" అంటాం. ఏకు అంటే వడకడానికి సిద్ధం చేసిన మెత్తని దూది చుట్ట, లేదా ఉన్ని చుట్ట.

ఇలా మన నోట్లో నానుతూనే ఉన్న గొంగళి, మనలో ఎంతమంది ఇళ్ళలో ఉందంటారు? మీ పిల్లల్ని అడిగి చూడండి. గొంగళిపురుగు తెలుసు అంటారు గానీ, ఆ పురుగుకి ఆ పేరెందుకు వచ్చిందో చెప్పలేరు. ఒంటినిండా నల్లటి నూగుతో గరుగ్గా, బొచ్చుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో దీన్నే కంబళి అంటారు. అది ఎక్కడ పుడుతుందో, ఎవరి చేతుల్లో తయారవుతుందో చూడాలని ఉంటే, మంత్రాలయం వెళ్ళే దారిలోనే చూడొచ్చు. వేరే ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు.

కిటికీ పక్కన కూర్చోండి

కడప నుంచి ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా ఆదోని, మంత్రాలయం రోడ్డు వెళ్ళే రైలు మనకందరికీ తెలిసిందే. ఈసారి పగటి బండి ఎక్కండి. పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు సర్దుకున్నాక కిటికీ పక్కన కూర్చుని గొర్రెల్ని గమనించండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

మా కడప వైపు గొర్రెలు ఎత్తుగా, పొడుగాటి కాళ్ళతో, నున్నగా ఉంటాయి. ఇవి నెల్లూరు జాతివి. వీటి ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే గానీ ఉన్ని కాదు. గుంతకల్లు దాటి ఆస్పరి, ఆదోని వైపు పోతుంటే నల్లరేగడి చేలల్లో మందల రంగు మారుతుంది. పొట్టిగా, నల్లగా, ఒళ్ళంతా గరుకు ఉన్నితో కనిపించేవి దక్కనీ గొర్రెలు. వాన తక్కువగా పడి, మేత దొరక్క మైళ్ళకు మైళ్ళు నడవాల్సిన ఈ మెట్ట నేలకు తగిన జాతి ఇది. ఎండకి, చలికి, నడకకి తట్టుకుంటుంది. ఒక్క జిల్లా దాటేసరికి గొర్రె ఒంటిమీది బట్టే మారిపోతుంది చూశారా!

ఈ మందల్ని కాచేవాళ్ళు కురువలు. కర్ణాటకలో కురుబలంటారు. వేసవిలో మేత కరువైతే మందల్ని తోలుకుని కాలువల కింది పొలాలకు వెళతారు. రాత్రిళ్ళు రైతు చేలో మంద వేస్తే ఆ చేనుకి ఎరువు, కాపరికి గింజలో డబ్బులో వస్తాయి. అలా ఆరుబయట గడిపే రాత్రుల్లో ఆ కాపరికి పరుపు, దుప్పటి, గొడుగు అన్నీ కంబళే. వాన వస్తే తలమీద ముసుగు, ఎండకి నీడ, ముళ్ళ మీద పరిస్తే పడక. గరుకు ఉన్ని మీదికి తేలు, పాము రావని కూడా వాళ్ళ నమ్మకం.

కంబళి లేనిదే శుభకార్యం లేదు

కంబళి ఒట్టి చలి దుప్పటి కాదు. ఈ కులంలో పాతకాలం నుంచి ఉన్న రెండు శాఖల పేర్లే చూడండి. పెళ్ళిలో ఉన్నిదారంతో కంకణం కట్టుకునేవాళ్ళు ఉన్ని కంకణం వాళ్ళు, నూలుదారంతో కట్టుకునేవాళ్ళు పత్తి కంకణం వాళ్ళు. మనం గోత్రం అడిగినట్టు, వాళ్ళు ఏ దారం అని అడుగుతారన్నమాట.

ఆ ప్రాంతంలో గొరవయ్యలు కనిపిస్తే తప్పక ఆగి చూడండి. మైలార మల్లన్న భక్తులు వీళ్ళు. ఒంటిమీద నల్లకంబళి, తలమీద ఎలుగుబంటి బొచ్చు టోపీ, చేతిలో డమరుకం, పిల్లనగ్రోవి. ఆ వేషంతో ఆడుతూ వచ్చి భక్తుల నుదుట పసుపు భండారు పెడతారు. దసరా రాత్రి కర్రల సమరంతో పేపర్లకెక్కే హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ కూడా ఈ మల్లేశ్వరుడిదే. ఆ రాత్రి జనం, కర్రలు, దివిటీలు అంతా గందరగోళం. పిల్లల్ని వెంటబెట్టుకుని దసరాకి వెళ్ళొద్దు. మామూలు రోజుల్లో కొండెక్కి దణ్ణం పెట్టుకోండి.

అసలు పని ఎవరిది?

ఆలూరు వైపు ఒక పల్లెలో కంబళి పని తెలిసిన ఇంటికి వెళ్ళాను. పని ఎలా సాగుతుందో ఇంటి పెద్దావిడ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను.

ముందు గొర్రెల్ని వంకలోనో చెరువులోనో కడుగుతారు. ఆరాక ఉన్ని కత్తిరిస్తారు. నలుపు, గోధుమ, తెలుపు వేరువేరుగా తీస్తారు. ఒక గొర్రె ఏడాది మొత్తం మీద ఇచ్చే ఉన్ని కిలో కూడా ఉండదు. అంటే ఒక కంబళి వెనక ఓ చిన్న మంద ఉందనుకోండి. పిల్లగొర్రె తొలి ఉన్ని అన్నిటికంటే మెత్తన. ముళ్ళు, పల్లేరుకాయలు ఏరి, వింటితో ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతారు. ఆ దారంతో పడుగు పోసి, గుంటమగ్గం మీద పేక కొట్టి నేస్తారు.

ఇక్కడ మనందరికీ ఆసక్తిగా ఉండే సంగతి ఒకటుంది. మనం చింతపండు తీసి గింజలు పారేస్తాం కదా, వాళ్ళకి ఆ గింజలే గంజి. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురులా చేస్తారు. దాన్ని కుంచెతో పడుగు దారాలకు పట్టిస్తారు. ఈ జిగురు వల్లే దారం తెగదు, కంబళి బిర్రుగా ఉంటుంది. కాపరి తలమీద కొప్పులా నిలబడుతుంది, వానచినుకు జారిపోతుంది. పదార్థం వంటింటిదే, పని కూడా వంటింటావిడదే.

మగ్గంలో కూర్చునేది ఎక్కువగా మగవాళ్ళు. ఏరడం, వడకడం, గంజి కాయడం ఆడవాళ్ళ వంతు. చేత్తో వడికే దారం ఏదైనా, నేయడానికి పట్టే రోజుల కంటే వడకడానికి పట్టే రోజులే ఎక్కువ. అయినా "ఈ కంబళి ఎవరు నేశారు?" అంటే మగాయన పేరే చెబుతారు. "ఎవరు వడికారు?" అని అడిగేవాళ్ళుండరు. పొయ్యి దగ్గర ముప్పూటలా నిలబడేవాళ్ళం, ఈ లెక్క మనకి కొత్తేమీ కాదు!

"మీ కోడలు వడుకుతుందా అవ్వా?" అని అడిగాను.

"ఇబ్బుడు ఎవరు వడుకుతారు తల్లీ! దానికి చెయ్యి రాక కాదు. పత్తి తీయను పోతే పొద్దుగూకేసరికి కూలి చేతిలో పడుతుంది. వారమంతా కూసోని వడికినా నాకు ఆ కూలి రాదు. కదురు పట్టుకోమని దాన్ని నేనెట్ల అడిగేది?" అంది.

ఎంత న్యాయంగా మాట్లాడింది! పాత పని పోతోందని ఏడవలేదు, కోడలిని తిట్టలేదు. కంబళి ఎక్కడ ఆగిపోయిందో ఆ ఒక్క మాటలో చెప్పేసింది. మగ్గం కంటే ముందు ఆగింది రాట్నం. ఆడవాళ్ళ చేతికి గిట్టుబాటు లేకపోయాక గుంటలో మగ్గం ఎలా ఆడుతుంది?

గొర్రెలున్నాయి, ఉన్ని లేదు

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, మన ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. మన రాష్ట్రంలో కోటీ డెబ్బై లక్షలకు పైగా గొర్రెలున్నాయి. ఇన్ని గొర్రెలుండి ఉన్నికి కరువేమిటంటారా? ధర ఉన్నది మాంసానికి. అందుకని నల్లగొర్రెల మందలోకి నెల్లూరు పొట్టేలుని వదులుతారు. పుట్టే పిల్ల బరువు తూగుతుంది, ఒంటిమీద ఉన్ని తగ్గుతుంది. నికరమైన ఉన్నిగొర్రె ఉన్నవాళ్ళు కూడా, వేసవికి ముందు డబ్బులిచ్చి కత్తిరింపించి, కొనేవాళ్ళు లేక ఆ ఉన్నిని గట్టుమీద పారేయడం దక్కన్‌లో చాలాచోట్ల మామూలైంది.

మరోపక్క పానిపట్టు నుంచి పాత ఉన్నిగుడ్డల పీచుతో చేసిన చౌక దుప్పట్లు, రంగురంగుల యాక్రిలిక్ రగ్గులు సంతలకొచ్చాయి. వానకి ప్లాస్టిక్ పట్టాలు ఉండనే ఉన్నాయి. చేనేతకు కొన్ని రకాల్ని ప్రత్యేకించిన 1985 చట్టం ఉంది. మరమగ్గాల మీద నేయకూడదని ఇప్పుడు కేటాయించి ఉన్న 11 రకాల్లో కంబళి కూడా ఒకటి. కానీ చట్టం మగ్గానికి కాపలా కాయగలదు గానీ, గొర్రె వీపు మీది ఉన్నికి కాయగలదా?

దూరదేశంలో ఇలాంటి అక్కచెల్లెళ్ళు

అమెరికా నైరుతి మూలన, మన సీమలాగే ఎండి బీటలువారిన నేలలో, నవాహో అనే ఆదివాసీలున్నారు. అక్కడ నేసేది ముఖ్యంగా ఆడవాళ్ళే. నిలువు మగ్గం ముందు కూర్చుని ఉన్ని కంబళ్ళు నేస్తారు. నేత తమకు నేర్పింది సాలెపురుగు తల్లి అని వాళ్ళ నమ్మకం. స్పెయిన్ వాళ్ళు తెచ్చిన చుర్రో అనే గొర్రెలు వాళ్ళకి ప్రాణం.

1864లో అమెరికా సైన్యం వాళ్ళని ఊళ్ళు ఖాళీ చేయించి వందల మైళ్ళు నడిపించింది. 1868లో తిరిగి రానిచ్చినప్పుడు చేసుకున్న ఒప్పందంలో 15,000 గొర్రెలు, మేకలు ఇస్తామని రాశారు. మళ్ళీ మందలు పెరిగాయి. 1930లలో నేల కోసుకుపోతోందని ప్రభుత్వమే పెద్దఎత్తున ఆ మందల్ని తగ్గించి, ఎన్నిటినో చంపించింది. క్రమంగా చుర్రో గొర్రెలు కొన్ని వందలకు పడిపోయాయి. 1977లో ఒక ప్రొఫెసరు మిగిలిన గొర్రెల్ని వెతికి వెతికి పోగుచేసి, పెంచి, నవాహో ఇళ్ళకి తిరిగి చేర్చే పని మొదలుపెట్టాడు. గొర్రె తిరిగొచ్చింది, ఆ ఉన్నితో నేసేవాళ్ళకి మళ్ళీ ఊపిరొచ్చింది. ఆ నేత ఇవాళ్టికీ బతికే ఉంది. నేసినావిడ పేరుతోనే కంబళి అమ్ముడుపోతుంది.

ఆ పేరు చెప్పుకునే పద్ధతే నాకు బాగా నచ్చింది. మన దగ్గర 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మందికి పైగా పనివారుంటే, నూటికి 72 మంది ఆడవాళ్ళే. మన ఒంటిమీది చీరకి, మంచం మీది దుప్పటికి వాళ్ళ చేతులు తగలకుండా ఉండవు. వాళ్ళ పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

మనం చేయగలిగింది

కంబళి బొత్తిగా కనుమరుగు కాలేదు. మన సరిహద్దుకి అవతల, కర్ణాటకలోని చెళ్ళకెర ఇప్పటికీ కంబళ్ళకు పేరున్న ఊరు. హైదరాబాదులో కొందరు కుర్ర డిజైనర్లు ఇదే గొంగడి బట్టతో రైతుల కోసం చెప్పులు, బూట్లు తయారుచేశారు. మనం ఒంటికి కప్పుకోకపోయినా ఫరవాలేదు. పూజకి ఆసనంగా, నేలమీద కూర్చోడానికి పట్టాగా, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ పక్క కింద పరవడానికి ఎంతో బాగుంటుంది.

కొనేముందు అంచు నుంచి ఒక్క పోగు లాగి, పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడిపొడి అయితే అది ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్దకడితే యాక్రిలిక్. ఇంటికి తెచ్చాక వేడినీళ్ళు తగలనివ్వకండి, ముడుచుకుపోతుంది. చన్నీళ్ళలో కుంకుడు రసంతో మెల్లగా జాడించి, పిండకుండా, నీడన పరిచి ఆరబెట్టండి. మధ్యమధ్య ఎండలో దులిపి, మడతల్లో ఎండు వేపాకు వేసి పెట్టెలో పెట్టుకుంటే పురుగు పట్టదు. చింతగింజల గంజి వాసన మొదట్లో కొంచెం ఉంటుంది, నాలుగు రోజులకి పోతుంది.

బేరం ఆడేటప్పుడు మాత్రం మన కోడళ్ళ లెక్క, కూతుళ్ళ లెక్క గుర్తుంచుకోండి. ఒక రోజు పత్తి తీస్తే వచ్చే కూలి, ఒక రోజు వడికితే కూడా వచ్చిననాడు ఆ రాట్నం దానంతటదే తిరుగుతుంది. కొని డబ్బులిచ్చేటప్పుడు "దీనికి దారం వడికిందెవరమ్మా?" అని ఒక్కమాట అడగండి. అడిగినందుకు ఖర్చేమీ కాదు. ఆ ఇంట్లో ఎవరో ఒకావిడ తలెత్తి చూస్తుంది.