చెవిలో గుసగుస, గదిలో మాట

సికింద్రాబాద్‌లోని ఒక స్పెషల్ స్కూలు తరగతి గదిలో నాకు ముందుగా వినిపించింది ఓ గుసగుస. చక్రాల కుర్చీకి తల ఆనించే చోట చిన్న స్పీకర్ బిగించారు. "తినేవి... మనుషులు... ఆటలు... నొప్పి... కోపం" అంటూ ఒక్కో మాటా పాప చెవి దగ్గర పలుకుతోంది. కావలసిన మాట రాగానే పాప చెంపతో పక్కనున్న స్విచ్ నొక్కుతుంది. అప్పుడు ముందున్న ట్యాబ్ అదే మాటను గదంతా వినబడేలా అంటుంది.

పాపకు తొమ్మిదేళ్ళు. సెరెబ్రల్ పాల్సీ వల్ల చేతులూ నాలుకా స్వాధీనంలో లేవు. చూపు కూడా తక్కువే. బొమ్మ చూసి వేలితో తాకే మామూలు పద్ధతి ఆమెకు పనికిరాదు కాబట్టి ఇలా విని ఎంచుకోవడం నేర్పారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో బహుళ వైకల్యాలనూ లెక్కించింది, ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులను కూడా భావవ్యక్తీకరణగానే గుర్తించింది. వైకల్య సర్టిఫికెట్‌లో మాత్రం వైకల్యం రకం, శాతమే కనిపిస్తాయి. ఆ పిల్ల ఏ దారిన మాట్లాడగలదో అందులో ఉండదు.

"నీకు బాగా ఇష్టమైనదేంటమ్మా?" అని అడిగాను. స్పీచ్ థెరపిస్టు మేడమ్ ఇక మాట్లాడవద్దన్నట్టు నాకు చెయ్యి చూపారు. జవాబివ్వాలన్న ఆత్రంలో పాప ఒళ్ళంతా బిగుసుకుపోయింది, తల అవతలి వైపుకు తిరిగిపోయింది. మాట దాటిపోయింది. జాబితా మళ్ళీ మొదటికొచ్చింది. మధ్యలో "టీవీయా? ఐస్‌క్రీమా?" అని అందించాలని నాకు నోటిదాకా వచ్చింది. అలా అందించేవాళ్ళ వల్లే ఈ పిల్లలు ప్రయత్నం మానేస్తారని మేడమ్ తర్వాత చెప్పారు. నిమిషం దాటాక ట్యాబ్ పలికింది: "అన్న." మరికాసేపటికి: "కొట్లాట." అన్నతో కొట్లాటట! పాప పకపకా నవ్వింది.

ట్యాబ్‌లో పలికే గొంతు పాప పిన్ని కూతురిది. యంత్రం గొంతు పెద్దావిడ గొంతులా ఉందని, పాప ఈడు పిల్ల చేత మాటలు రికార్డు చేయించారు.

ఒకప్పుడు ఇలాంటి విదేశీ పరికరాలకు లక్షలు పోయాల్సి వచ్చేది. చెన్నైలో విద్యాసాగర్ సంస్థతో కలిసి పనిచేసి అజిత్ నారాయణన్ బృందం ‘ఆవాజ్’ అనే పరికరాన్ని తయారుచేసింది. 2010లో దానికి జాతీయ పురస్కారం దక్కింది. తర్వాత అది ట్యాబ్‌లో నడిచే యాప్ అయింది. యాప్ దొరకడం ఇప్పుడు అంత కష్టం కాదు. అందులో ఏ మాటలు పెడుతున్నాం అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. నీళ్ళు, అన్నం, బాత్రూమ్ పెట్టి ఊరుకుంటే అవి పెంచేవాళ్ళ పని తేలిక చేసే మాటలే. ఈ పాప యాప్ పేజీల్లో "వద్దు", "ఎందుకు", "ఇంకా", "నేను చెప్పను", "నువ్వే తప్పు" ఉన్నాయి. కాదనడానికి మాట లేని పిల్ల ఏడవాలి, లేదా ఊరుకోవాలి. మేడమ్ కూడా పాపతో మాట్లాడేటప్పుడు స్విచ్ నొక్కి అవే మాటలు వాడుతున్నారు. చంటిపిల్లలు ఏడాదిపాటు మన మాటలు విన్నాకే కదా ఒక్క మాట అంటారు!

"ఏడిస్తే కడుపునొప్పి అనుకొని మందు పోసేదాన్ని సార్. ఓ రోజు 'తుంటి' అని అదే చెప్పింది. ఎక్స్‌రే తీస్తే కీలు జరిగిందన్నరు" అంది తల్లి. ఇలాంటి పిల్లల్లో తుంటి కీలు పక్కకు జరగడం తరచూ ఉండేదే. మాట లేకుంటే ఆ నొప్పి ఇంకెన్నాళ్ళు దాగేదో అనుకుంటే ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది.

బడి వదిలాక ట్యాబ్‌ను బీరువాలో పెట్టి తాళం వేసే చోట్లూ ఉన్నాయి. ఇక్కడ అది పాపతోపాటే ఆటోలో ఇంటికి వెళుతుంది. మరి చార్జింగ్ అయిపోతే? తల్లి అక్కడికక్కడే చేసి చూపించింది. పేజీల్లోని మాటల్ని అదే వరుసలో, అంతే నిదానంగా నోటితో చదువుతూ పోయింది. తనకు కావలసిన మాట దగ్గర పాప గడ్డం పైకెత్తింది. తల్లికీ బిడ్డకూ ఆ వరుస కంఠస్థం. అందుకే కొత్త మాట చేర్చాలన్నా, ఉన్నదాన్ని జరపాలన్నా మేడమ్ ముందు పాపను అడుగుతారు. ఆ రోజు "బతుకమ్మ"ను ఆటల్లో పెట్టాలా, పండగల్లోనా అని అడిగారు. పాప ఆటల్లోనే పెట్టమంది.