నలభై రెట్ల బావ

2010లో మా అక్క మొగుడు నన్ను యాదగిరిగుట్ట దారిలో ప్లాటు తీసుకోమన్నాడు. తీసుకోలేదు. ఆ ప్లాటు ఇప్పుడెంత పలుకుతోందో పెళ్లిళ్లలోనే కాదు, పెద్ద కర్మ భోజనాల దగ్గర కూడా నాకు అప్పజెబుతూనే ఉంటాడు. అందుకే మూడేళ్ల కిందట, రికార్డు ప్లేయర్‌కు సిగ్నల్ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొంటానని చెప్పినప్పుడు ఆయన, "ఒరే, కొంటే 1:40దే కొను. పది రెట్లు పెంచేదానికీ నలభై రెట్లు పెంచేదానికీ ధరలో పెద్ద తేడా లేనప్పుడు పదిది ఎవడు కొంటాడు?" అంటే నేను మారు మాట్లాడలేదు.

నా కార్ట్రిడ్జ్, అంటే రికార్డు మీద సూది ఆడే భాగం, డెనాన్ డీఎల్-103. 1960ల నాటి జపాన్ డిజైను, ఇంకా తయారవుతూనే ఉంది. అందులోంచి వచ్చేది 0.3 మిల్లీవోల్టు. నా ఆంప్లిఫయర్‌లో ఉన్నది ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కార్ట్రిడ్జ్‌ల కోసం చేసిన ఎంఎం ఫోనో ఇన్‌పుట్, దానికి 5 మిల్లీవోల్టుల దాకా అందాలి. 0.3ని 40తో గుణిస్తే 12. ఎంత ధారాళం!

ట్రాన్స్‌ఫార్మర్ 46,000, కొరియర్ 1,200. చేతిలో లేవు. మూడేళ్లకని 7 శాతానికి వేసిన యాభై వేల ఎఫ్‌డీ ఏడాదికే విరగ్గొట్టాను. ఏడాదికి ఉండే రేటు 6.5, అందులో ఒక శాతం పెనాల్టీ. 53,593 రావాల్సిన చోట 52,807 వచ్చింది. పోయింది 786 రూపాయలేగా అనుకున్నాను. కదపకుండా ఉంచితే మూడేళ్లకు 61,572 అయ్యేదన్న సంగతి మా ఆవిడే గుర్తుచేసింది. మిగిలిన 5,607 ఆవిడ చేతిలో పెట్టి ఆ పూటకు తప్పించుకున్నాను.

పెట్టె వచ్చింది. మొదట పెట్టింది నాన్న దాచిన ఘంటసాల భగవద్గీత. ఆ రికార్డులో శ్లోకానికీ తాత్పర్యానికీ నడుమ కాస్త ఎడం ఉంటుంది. ఆ ఎడంలో గుయ్‌మని హమ్. పెట్టెను ఆంప్లిఫయర్‌కు రెండడుగుల దూరం జరిపితే తగ్గింది. వేళ్లతో పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే ఒక కోణంలో దాదాపు పోయింది. ఆ కోణం చెదరకుండా కింద మడిచిన విజిటింగ్ కార్డు పెట్టాను. కానీ గొంతు మాత్రం దుప్పటి కప్పుకుని పాడినట్టే ఉంది. 4,500 పెట్టి కేబుల్ మార్చాను. టెక్నీషియన్‌కు 1,500 ఇచ్చాను. దుప్పటి తొలగలేదు.

ఏడు నెలలు అలాగే విని, ఒక ఆదివారం కాగితం తీశాను. ఆ పని కొనేముందే చేయాలి, తెలుసు.

ఫోనో ఇన్‌పుట్ లోడు 47,000 ఓమ్‌లు. ట్రాన్స్‌ఫార్మర్ గుండా చూస్తే కార్ట్రిడ్జ్‌కు కనిపించేది దాన్ని రేషియో వర్గంతో భాగించినంత. 40 వర్గం 1,600. అంటే 29 ఓమ్‌లు. డీఎల్-103 కాయిల్ ఇంపెడెన్సే 40 ఓమ్‌లు! సగానికి పైగా వోల్టేజీ కార్ట్రిడ్జ్ లోపలే హరించుకుపోతోంది. 12 అనుకున్నది నిజానికి 5.1. అదే 1:20 అయితే లోడు 117 ఓమ్‌లు, వచ్చేది 4.5. రేషియో రెట్టింపు చేసి నేను సాధించింది 13 శాతం. 34 దాటాక రేషియో పెంచేకొద్దీ వచ్చేది తగ్గుతుందని కూడా తేలింది. నాలుగుసార్లు చేశాను లెక్క, ఎక్కడైనా బావ గెలుస్తాడేమోనని. డెనాన్ వాళ్ల కాగితంలో లోడు 100 ఓమ్‌లకు తగ్గకూడదని మొదటి రోజు నుంచీ ఉంది. ఆ కాగితం నా అల్మరాలోనే ఉంది.

బావ అబద్ధం చెప్పలేదు. ఆయనది ఆర్టోఫోన్ ఎస్‌పీయూ, ఇంపెడెన్స్ రెండు ఓమ్‌లు. 29 ఓమ్‌ల లోడు మీద ఆయనకు పోయేది ఆరు శాతం. ఆయనింట్లో 1:40 బంగారం. నీ కార్ట్రిడ్జ్ ఎన్ని ఓమ్‌లని ఆయన అడగలేదు, అమ్మినతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పాతికేళ్ల కుర్రాడు తీసుకోవాల్సిన పాలసీని అరవై ఏళ్ల మనిషికి అంటగట్టేవాళ్ల మీద నేను చాలా వీరంగాలు వేశాను. ఈ విషయంలో మాత్రం అడిగి మరీ అంటగట్టించుకున్నాను.

27,000కి అమ్మేశాను. కొన్నతని కార్ట్రిడ్జ్ ఎన్ని ఓమ్‌లో అడిగాకే ఇచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద నష్టం 20,200, కేబుల్ 4,500, టెక్నీషియన్ 1,500, ఎఫ్‌డీ 786. మొత్తం 26,986. పాత ఎల్పీ ఒక్కోటి నాలుగు వందలకు మించి కొనను నేను. అరవై ఏడు ఎల్పీలు. ఒక అర నిండేవి.

వచ్చిన డబ్బులో 21,000 పోసి సెకండ్ హ్యాండ్ 1:20 తెచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ గొడవే లేకుండా తక్కువ వోల్టేజీకే పనిచేసే ఎంసీ ఫోనో స్టేజ్ కొనుక్కోవచ్చు, హై అవుట్‌పుట్ కార్ట్రిడ్జ్ బిగించుకోవచ్చు. 1:10 చాలనేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు వాల్యూమ్ తిప్పే ఓపిక ఎక్కువ.

మొన్న దసరాకు బావ వచ్చాడు. భగవద్గీతే పెట్టాను. శ్లోకం అయింది. తాత్పర్యం అందుకునేలోపు గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. బావ కళ్లు మూసుకుని తలాడించి, "చూశావా, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టమని చెప్పింది ఎవరు?" అన్నాడు. లెక్క కాగితం నా జేబులోనే ఉంది, తీయబోయాను. ఈలోగా ఆయన లేచి వెళ్లి పెట్టెను ఎత్తి, తిరగేసి, అడుగున ఉన్న అంకె కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"సగందే కొన్నావేంరా?"