రెండువేల యేళ్ళ సీసం

మా నాయనమ్మ రాత్రివేళ మంచం దిగకుండానే ప్రతి చప్పుడికీ పేరు చెప్పేది. "అది చూరుమీద పిల్లి. అది దూడ మెడలో గంట" అనేది. అన్ని చప్పుళ్ళూ ఎరుగును గనకనే, ఎరగనిది ఒక్కటి వినబడితే చటుక్కున లేచి కూచునేది. ఇటలీ దేశంలో ఒక కొండకింద పనిచేసే శాస్త్రజ్ఞులను గురించి చదివినప్పుడు, వాళ్ళు చేసే పనీ ఇదేనని నాకు తోచింది.

ఆ కొండ పేరు గ్రాన్ సాస్సో. 1400 మీటర్ల రాతికింద 2017లో "కువోరే" అనే ప్రయోగం మొదలయింది. అందులో అతిశీతలంగా వుంచిన 988 స్ఫటికాలున్నాయి. ఒక్క పరమాణువు విచ్ఛిన్నమైనా స్ఫటికం రవ్వంత వేడెక్కుతుంది. టెల్లూరియం పరమాణువు బహు అరుదుగా రెండు ఎలక్ట్రాన్లనూ, రెండు ప్రతిన్యూట్రినోలనూ ఒకేసారి విడుస్తుంది. ఎన్నడైనా ఎలక్ట్రాన్లను మాత్రమే విడుస్తుందా? విడిస్తే, సృష్టి మొదట్లో పదార్థమూ ప్రతిపదార్థమూ ఒకదాన్నొకటి హరించుకోగా, మనమంతా తయారైన ఈ పదార్థం ఎందుకు మిగిలిందో తెలుసుకునే దారి దొరకవచ్చు.

అయితే, పిల్లలూ, ఆ ఒక్క చప్పుడూ వినబడనివ్వని రొద ఎంత వుందో చూడండి! ఆకాశంనుంచి వచ్చే కణాలు మన అరచేతిగుండా సెకనుకు దాదాపు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి. పదిలక్షలలో సుమారు ఒక్కటే కొండ లోపలికి చేరగలదు. కాని రాతిలోనే యురేనియం, థోరియం వున్నాయి. మన ఒంటిలోని పొటాషియంలో సెకనుకు సుమారు 4000 విచ్ఛిన్నాలు జరుగుతాయి!

వీటికి సీసం అడ్డుపెడదామంటే, కొత్త సీసంలోనూ రేడియోధార్మికత వుంటుంది. అది 22 యేళ్ళకొకసారి సగమవుతుంది. అందుకని, 2000 యేళ్ళ కిందట సార్డీనియా దగ్గర సముద్రంలో మునిగిన రోమను ఓడలోని సీసాన్ని తెచ్చారు. దిమ్మలమీద రోమనులు వేసిన రాతలను కోసి, భద్రంగా దాచి, మిగతాది కరిగించి వాడారు.

అయినా కొంత రొద మిగిలింది. దానికి లెక్క కట్టాలి. ఈ రాగిపలకలో రవ్వంత థోరియం వుంటే స్ఫటికంలో ఏమి కనబడుతుంది? ఆ సీసంలో వుంటే ఏమి కనబడుతుంది? ఒక్కొక్కటే కంప్యూటరుతో గుణిస్తారు. అన్నీ కూడితే, పరికరం నిజంగా చూపినదానితో సరిపోవాలి. సరిపోకపోతే, తెలియనిదేదో ఇంకా వున్నదన్నమాట.

ఈ జాగ్రత్త ఎందుకంటే, వెతికే గుర్తు 2528 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనబడాలి. థోరియం సంతతిలోని థాలియం విడిచే కిరణం 2615 దగ్గర వుంటుంది. అది దారిలో కాస్త శక్తి పోగొట్టుకున్నదంటే, అచ్చం అసలు గుర్తులాగే కనబడుతుంది!

ఆ విచ్ఛిన్నం జరిగినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. శాస్త్రజ్ఞులు ఆ మాట దాచకుండా చెప్పారు. "దొరకలేదు" అని నిజం చెప్పగలవాడి మాటనే, "దొరికింది" అన్ననాడు లోకం నమ్ముతుంది.