ఏ రంగు పూస్తుందో!

బంతిగింజలు చల్లితే బంతిపూలు పూస్తాయి. అందులో వింతేముంది? ఎడీనియం సంగతి అలా కాదు. ఎర్రపూల చెట్టు గింజ నాటితే ఎర్రగానే పూస్తుందన్న పూచీ లేదు. ఏ చెట్టు పుప్పొడి వచ్చి పడిందో ఎవరికెరుక! ఫలానా రంగే కావాలనుకునేవాళ్ళు కడియం వెళ్ళి అంటుమొక్క కొనుక్కుంటారు. మా ఆయనా అదే అన్నారు, "డబ్బు పడేస్తే దొరికేదానికి ఇంత ప్రయాసెందుకూ?" అని.

ఎందుకంటే, ఇవి పక్కింటి పిన్నిగారి చెట్టు గింజలు కనుక. ఇల్లమ్మేసి అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ ఆవిడ నా చేతిలో పెట్టినవి. ఇల్లు కొన్నవాళ్ళు పెరడంతా సిమెంటు చేయించారు. చెట్టు లేదిప్పుడు. ఆ మాట ఆవిడకి నేను చెప్పలేదు.

కాయలు జంటగా, మేకకొమ్ముల్లా వస్తాయి. పగిలాయంటే గింజలు గాలికి ఎగిరిపోవడమే. ప్రతి గింజకీ రెండు చివర్లా దూదికుచ్చులుంటాయి మరి! అందుకే పిన్నిగారు కాయ ముదరకముందే దారం చుట్టి ఉంచేవారు.

గింజలు పాతబడితే సరిగా మొలవవు. కొబ్బరిపొట్టూ ఇసుకా కలిపి, పైన పడుకోబెట్టి, పల్చగా ఇసుక చల్లాను. వారం తిరక్కుండా పదకొండు మొలిచాయి. చెప్పొద్దూ, పుట్టగానే బొద్దుగా, పసిపిల్లల కాళ్ళలా ముద్దొస్తాయి! గింజమొక్కకే ఆ బానపొట్ట మొదలు సొంపుగా వస్తుంది. కొమ్మ గుచ్చితే అంత అందం రాదు. ఆఫ్రికా, అరేబియా ఎండల్లో నీళ్ళు దాచుకోవడానికి అది చేసుకున్న ఏర్పాటు. ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోశామా, ఆ పొట్టే కుళ్ళిపోతుంది. మా అత్తగారు చెంబుతో వస్తుంటే నేను అడ్డం నిలబడేదాన్ని. పాలు మాత్రం విషం. గన్నేరు కుటుంబమే కదా! ఆఫ్రికాలో బాణాలకు పూసేవారట. పిల్లలున్న ఇంట్లో అందకుండా పెట్టుకోవాలి.

రెండో ఏడు ఒకటి మొగ్గ తొడిగింది. పిన్నిగారు ఫోను చేసినప్పుడల్లా "ఎర్రగానేనా?" అని అడుగుతూనే ఉన్నారు. విచ్చుకున్నాక చూద్దును కదా, తెలుపు! అంచున మాత్రం సన్నటి గులాబీ గీత. రెండు రోజులు తటపటాయించి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అవతల కాసేపు మాట లేదు.

"కాయ కాసిందా?" అన్నారు.

"ఇంకా లేదండీ."

"కాశాక దారం కట్టడం మర్చిపోకు."