మందు

మన భాషలో ఒకే మాట రెండు సీసాలకూ సరిపోతుంది. దవాఖాన నుంచి తెచ్చిందీ మందే, సారా దుకాణం నుంచి తెచ్చిందీ మందే. ఏది ఏ మందో తాగే మనిషిని బట్టి తేలుతుందని అర్థం కావడానికి నాకు నా పురుడు దాకా పట్టింది.

ఐదేళ్ల కింద, డిసెంబర్ చలిలో, నిజామాబాద్‌లో మా తల్లిగారింట్లో బాలింతగా ఉన్నాను. బోధన్ పక్క పల్లె నుంచి అమ్మమ్మ వచ్చింది. రాగానే శొంఠి, మిరియాలు, రెండు లవంగాలు, ఇంత ఓమ దంచింది. గ్లాసున్నర నీళ్లలో వేసి, బెల్లం కలిపి, గ్లాసెడు అయ్యేదాకా మరిగించి వడగట్టింది. అప్పుడు సంచిలోంచి బ్రాందీ సీసా తీసింది.

"పొయ్యి మీద ఉండంగ పొయ్యొద్దు బిడ్డా, ఘాటంత ఆవిరైతది. దించినంక రెండు చెంచాలు. మా కాలంల ఇప్పసారా పోసేటోళ్లం."

నేను వద్దన్నాను. తాగితే పాలలోకి దిగి బిడ్డకు చేరుతుందని చెప్పాను. ఒంట్లో వెచ్చగా అనిపించినా, నిజానికి రక్తనాళాలు విప్పారి వేడి బయటికి పోతుందనీ చెప్పాను. ఆమె చిన్నబుచ్చుకుంది. ఊరుకోక ఇంకో మాట కూడా అడిగాను: "సారా బంద్ గావాలని కొట్లాడినవు గద, మల్ల ఇదేంది?"

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో అమ్మమ్మ కూడా ఊరి ఆడవాళ్లతో దుకాణం ముందు బైఠాయించిందని అమ్మ గర్వంగా చెప్పేది. నా పరిశోధనలో ఆ గర్వాన్ని నేనూ వాడుకున్నాను. ఆమెను మాత్రం ఎన్నడూ ఏమీ అడగలేదు.

ఆ రాత్రి ఆమే చెప్పింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచే రోజులవి. చలికాలమంతా చెరుకు కొట్టుడు. తెల్లారక ముందే మంచులో చేనుకు పోవాలి. ఆకు కోసి చేతులు మండేవి. ఒక సందేళ వణుకు ఆగక, బాలింతలకు కాచినట్టే కాచుకుని, తాత సీసాలోంచి రెండు చెంచాలు పోసుకుంది. తాత చూశాడు. తాగి వచ్చినవాడే, తాగిందని కొట్టాడు.

"కన్ననాడు తాగితే మందన్నరు. కష్టం జేసినాడు తాగితే సిగ్గులేదన్నరు" అంది.

బిడ్డను కన్న ఒంటికి ఉన్న అనుమతి, చెరుకు కొట్టిన ఒంటికి లేదు. సారాను తిట్టిన మన వ్యాసాల్లో ఈ రెండు చెంచాల లెక్క ఎక్కడా రాలేదు. తాగే హక్కు గురించి కాదు నా బాధ. ఆడదాని అలసటకు ఒక పేరైనా, ఒక గుక్కెడు వేడి నీళ్లయినా ఎవరూ కేటాయించలేదని.

1937లో వెలిసిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరుకు చేలు తగ్గిపోయాయి. అమ్మమ్మ చేతుల మీద గీతలు అట్లాగే ఉన్నాయి.

నాకు ఉత్త కషాయం ఇచ్చింది. మిగిలింది తన గ్లాసులో వంచుకుని, కాసేపు ఆగి, రెండు చెంచాల బ్రాందీ కలుపుకుంది. తాత పోయి అప్పటికే పదేళ్లు. అయినా తాగుతున్నంతసేపూ ఆమె కళ్లు వాకిలి తలుపు మీదే ఉన్నాయి.